అణా చీటీ: ఆంధ్ర మహాసభ ఎట్ల పెరిగింది, ఎందుకు చీలింది, అందులో మనోళ్లు ఎక్కడున్నరు



పోయిన వారం గ్రూపులో ఒక తమ్ముడు పెట్టిన మెసేజ్ మీద రాత్రి రెండు దాకా లొల్లి నడిచింది. "సంఘాలన్నీ చీలుడే. మనోళ్లు ఏ సంఘంల ఉన్నా జెండా మోసుడు తప్ప ఒరిగిందేం లేదు. కోయోళ్లు వేరే గ్రూపు, లంబాడోళ్లు వేరే గ్రూపు పెట్టుకుంటే అయిపాయె" అని ఆయన మాట. కొందరు లైకులు కొట్టిర్రు, కొందరు తిట్టిర్రు, ఇద్దరు గ్రూపు నుంచి ఎల్లిపోయిర్రు. ఆ ఇద్దరిలో ఒకరు మా రూమోడే. పక్క మంచం మీద పండుకొని గ్రూపు నుంచి ఎల్లిపోయిండు.

మా రూములో నలుగురం ఉంటం. ఇద్దరం లంబాడీలం, ఒకరు కోయ, ఒకరు ఎరుకల. జనగామ, మానుకోట, భూపాలపల్లి వైపు ఊర్ల నుంచి వచ్చినోళ్లం. నలుగురి ఇండ్లల్లో కూడా మాకంటే ముందు డిగ్రీ కాలేజీ మెట్లెక్కినోళ్లు లేరు. ఆ రాత్రి తరువాత మేం తిట్టుకునుడు ఆపేసి ఒక పని పెట్టుకున్నం. సంఘం చీలుడు అంటే ఏందో మన గడ్డ మీదనే చూద్దాం అని లైబ్రరీ పుస్తకాలు ముందేసుకున్నం. దొరికిన కథ ఆంధ్ర మహాసభది. పేరు చూసి ఇది ఆంధ్రోళ్లది అనుకోకండి. నిజాం రాజ్యంలో తెలుగు మాట్లాడే జిల్లాల సభ అది. మన జనగామ అప్పుడు నల్లగొండ జిల్లాలో తాలూకా.

కథ ఒక నవ్వు దగ్గర మొదలైతది. 1921 నవంబరులో హైదరాబాదులో వివేకవర్ధని హాల్లో సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కర్వే. పూణేలో ఆడవాళ్ల చదువు కోసం జీవితం పెట్టిన పెద్ద మనిషి. వక్తలు ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడితే అందరూ విన్నారు. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మొదలుపెట్టగానే సభలో గోల, ఎగతాళి. తెలుగోళ్లు బయటికొచ్చేశారు. ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో కొద్దిమంది కూర్చుని ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు దాన్ని నడిపించాడు.

ఈ పేరా చదివినప్పుడు మేం నలుగురం ఒకరి మొఖాలు ఒకరం చూసుకున్నం. ఆ నవ్వు మాకు ఎరుకే. ఆరో తరగతిలో గోర్ బోలిలో నోరు జారి మాట వస్తే క్లాసంతా నవ్విన నవ్వు అదే. కోయ మిత్రుడు చెప్పిండు, వాళ్ల అమ్మ హాస్టల్‌కు చూడనీకి వస్తే గేటు దగ్గర కోయలో మాట్లాడొద్దని చేతితో సైగ చేసేవాడట. వకీళ్లకైతే ఆ నవ్వు పడ్డ రాత్రే సంఘం పుట్టింది. మనకు మాత్రం నవ్వు పడ్డ ప్రతిసారీ నోరు మూతబడ్డది.

సంఘం మొదట్ల చేసిన పనులు మెత్తటివి. గ్రంథాలయాలు, తెలుగు బడులు, ఆడపిల్లల చదువు, వర్తకుల ఇబ్బందుల మీద, వెట్టి మీద చిన్న చిన్న పుస్తకాలు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక మొదలుపెట్టిండు. 1930 మార్చిలో మెదక్ జిల్లా జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ, దానికి ఆయనే అధ్యక్షుడు. ఆ తరువాత దేవరకొండ, ఖమ్మం, సిరిసిల్ల, షాద్‌నగర్, నిజామాబాదు, ఇట్ల ఊరూరు తిరిగింది. సభ పెట్టుడే పెద్ద సాహసం ఆ రోజుల్లో. గస్తీ నిషాన్ 53 అని 1929లో ఒక సర్కులర్ ఉండె. దాని ప్రకారం మీటింగు పెట్టాలంటే ముందు సర్కారు అనుమతి తీసుకోవాలి. ఆ సర్కులర్ రద్దు చేయమని, వెట్టి ఆపమని, బడులు పెట్టమని తీర్మానాలు చేసి నిజాం సర్కారుకు పంపేటోళ్లు. అధ్యక్షుల పేర్లు వరుసగా చదవండి: బూర్గుల రామకృష్ణారావు, పులిజాల వెంకట రంగారావు, మాడపాటి, కొండా వెంకట రంగారెడ్డి, మందుముల నరసింగరావు. వకీళ్లు, జమీన్లు ఉన్నోళ్లు, చదువుకున్నోళ్లు. చెడ్డోళ్లు అని మేం అంటలేం. వాళ్లు అడిగిన బడి ఒకటి మన తండాకు వచ్చి ఉంటే మా తాతలు వేలిముద్ర వేసేటోళ్లు కాదు. కానీ దరఖాస్తు రాసుడు వచ్చినోళ్ల సంఘం అది. దరఖాస్తు రాసుడు రానోళ్లకు అందులో చోటు లేకుండె.

ఇంకొక సంగతి. సభలో తెలుగే మాట్లాడాలని పట్టుబట్టేటోళ్లు. అవమానం నుంచి పుట్టిన పట్టుదల కాబట్టి అర్థమైతది. కానీ 1940లో ఒకవైపు మల్కాపురంలో మహాసభ నడుస్తుంటే, అదే ఏడాది ఆసిఫాబాదు అడవుల్లో జోడేఘాట్ దగ్గర కొమురం భీము పోలీసు తూటాలకు ప్రాణం ఇడిసిండు. ఇద్దరూ ఒకే నిజాం మీద. ఒకరు తెలుగులో తీర్మానం రాసిర్రు, ఒకరు గోండిలో జనాన్ని లేపిర్రు.

ఇప్పుడు జనగామకు రండి. మహాసభ మారింది ఎందుకో తెలవాలంటే విసునూరు గడీ తెలవాలె.

విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి. ఆయన చేతి కింద పదుల ఊర్లు, నలభై వేల ఎకరాల భూమి అని చెప్తారు. గడీకి వెట్టి చేయని కులం లేదు. చాకలి బట్టలుతకాలె, కుమ్మరి కుండలియ్యాలె, మాదిగ చెప్పులియ్యాలె, గొల్లకురుమలు గొర్రెనియ్యాలె, తండాలోళ్లు పిలిస్తే పోవాలె, పశువులు మేపుకుంటే పన్ను కట్టాలె. అప్పు తీసుకున్న ధాన్యం నాగు వడ్డీతో తీరేది కాదు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చినంక లెవీ ఇంకొకటి. దొర కొట్టంల గింజ కదలదు, చిన్న రైతు గరిసె ఊడ్చుకపోతరు.

దేవరుప్పుల మండలం కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అని రైతు. జనగామ నుంచి సూర్యాపేట బస్సులో పోతుంటే రోడ్డు పక్కన ఆయన సమాధి కనపడుతది. మాలో ముగ్గురం ఆ రోడ్డు మీద ఎన్నోసార్లు పోయినం కానీ అది ఏదో దర్గా అనుకున్నం. ఆయన భూమి కోసం దొరతో కొట్లాటకు దిగలేదు, కోర్టుకు పోయిండు. ఏండ్లు తిరిగిండు. కోర్టు ఆయన పక్క తీర్పు ఇచ్చింది. 1940ల మొదట్ల, ఆ గెలుపు తరువాత, దొర మనుషులు ఆయన్ని దారి కాచి చంపిర్రు. బందగీ కథ మీదనే తరువాత 'మాభూమి' నాటకం వచ్చింది.

మేం ఎక్కువసేపు మాట్లాడుకున్నది ఈ బందగీ గురించే. మహాసభ పెద్దలు చెప్పిన తొవ్వ ఏంది? చట్టం, దరఖాస్తు, కోర్టు. ఆ తొవ్వల ఒకడు చివరిదాకా నడిచి, గెలిచి, చచ్చిపోయిండు. ఇక జనగామ తాలూకాల దరఖాస్తు సంఘం ఎట్ల నిలుస్తది? చీలిక భువనగిరిలో జరిగిందని పుస్తకాలల్ల ఉంటది. మా లెక్క ప్రకారం అది కామారెడ్డిగూడెం బాట మీదనే మొదలైంది.

1941లో చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడైండు. భువనగిరి దగ్గర బొల్లేపల్లి ఆయనది. హరిజన సేవా సంఘంలో పనిచేసిండు, 1938లో స్టేట్ కాంగ్రెసు సత్యాగ్రహంలోకి దిగిండు, అక్కడి నుంచి కమ్యూనిస్టుల దిక్కు వచ్చిండు. అప్పటి నుంచి మహాసభలో రెండు గుంపులు తేటతెల్లమైనయి. పేర్లు కూడా పడ్డయి, మితవాదులు, అతివాదులు. 1942 ధర్మవరం సభకు మాదిరాజు రామకోటేశ్వరరావు అధ్యక్షుడు. 1943 హైదరాబాదు సభలో అధ్యక్ష పదవికి పోటీ పడితే కొండా వెంకట రంగారెడ్డి గెలిచిండు, బద్దం ఎల్లారెడ్డి ఓడిపోయిండు. అంటే మితవాదులు బలం లేనోళ్లేం కాదు, చివరిదాకా సగం సభ వాళ్లదే. యుద్ధం మీద కూడా తగాదా. క్విట్ ఇండియా అని కాంగ్రెసోళ్లు అంటుంటే, రష్యా మీద హిట్లర్ పడ్డంక ఇది ప్రజాయుద్ధం అని కమ్యూనిస్టులు అన్నరు. ఈ యుద్ధం తగాదా మనకు ఇప్పుడు అంత ముఖ్యం కాదు, పరీక్షల కోసమైతే చదువుకోండి.

ముఖ్యమైంది 1944, భువనగిరి, పదకొండో మహాసభ. రావి నారాయణరెడ్డి మళ్లీ అధ్యక్షుడు. సభ్యత్వ రుసుం ఒక్క అణాకు దించిర్రు. మితవాదులు తప్పుకున్నరు. అక్కడితోని ఒక మహాసభ రెండు మహాసభలైంది. మితవాదులు, కాంగ్రెసు జాతీయవాదులు వేరేగా మడికొండలో, తరువాత మెదక్ జిల్లా కందిలో సభలు పెట్టుకున్నరు. 1946లో స్టేట్ కాంగ్రెసు మీద నిషేధం ఎత్తేయగానే పోయి అందులో కలిసిపోయిర్రు. అతివాదుల మహాసభ ఊర్లల్లకు పోయింది. జనం నోట్లె దాని పేరు మారిపోయింది. ఆంధ్ర లేదు, మహా లేదు, ఒట్టి 'సంఘం'.

ఒక అణా అంటే రూపాయిల పదహారో వంతు. ఇప్పుడు లెక్కకు రాని పైసలు. కానీ ఆ అణా ఇచ్చి చీటీ తీసుకున్నోడు సభ్యుడు. చాకలైనా సభ్యుడే, మాదిగైనా సభ్యుడే, తండా నాయక్ అయినా సభ్యుడే. రుసుం ఎంతుండాలె అని తగాదా పడితే బయటికి అది డబ్బుల లెక్క లెక్కనే కనపడుతది. లోపల అడిగింది వేరే: ఎవరు లోపలికి రావాలె? లోపలికి వచ్చినోడు ఏం అడుగుతడు? వకీలు వస్తే బడి అడుగుతడు, పత్రిక అడుగుతడు. కూలోడు వస్తే భూమి అడుగుతడు. దొరల చుట్టాలు కూర్చున్న సభలో భూమి మాట వస్తే కుర్చీలు కదులుతయి. రష్యాలో కూడా 1917లో సోషలిస్ట్ రివల్యూషనరీలని రైతుల పేరు చెప్పుకున్న పెద్ద పార్టీ ఉండె. రైతులకు భూమి ఇప్పుడే ఇచ్చుడా, ఆగుడా, యుద్ధం నడపుడా, ఆపుడా అన్న దగ్గర అది కూడా లెఫ్టు, రైటు అని చీలింది. మా హిస్టరీ పేపర్ల అది మూడు మార్కుల ప్రశ్న.

చీలినంక సంఘం ఎంత వేగంగా పెరిగిందో చూడండి. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ, మనం చాకలి ఐలమ్మ అంటం, మల్లంపల్లి దొర దగ్గర కౌలుకు తీసుకున్న భూమిలో పంట పండిస్తే విసునూరు దొర దాని మీద కన్నేసిండు. పంట కోసుకపోనీకి గూండాలను పంపిండు. సంఘం కార్యకర్తలు గుత్పలు పట్టుకుని పొలంలోకి దిగిర్రు. భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆరుట్ల రామచంద్రారెడ్డి లాంటోళ్లు ఉన్నరు. వడ్లు ఐలమ్మ ఇంటికే చేరినయి. అప్పటిదాకా దొర మాట పోయిన సంగతి ఎవరూ చూసింది లేదు.

మనోళ్లు లోపలికి వచ్చింది కూడా అప్పుడే. దేవరుప్పుల దగ్గర ధర్మాపురం తండా. అడవి నరికి, రాళ్లేరి, చెలక చేసుకున్న లంబాడీల భూమిని దొర తనదన్నడు. దస్త్రంల ఎవరి పేరుంటది? పట్వారీ ఎవరి మనిషి? ఈ కథ మనలో ప్రతి ఇంట్ల ఉన్నదే. తండాలోళ్లు సంఘంలో చేరిర్రు. నాగళ్లు కట్టి భూమి మీదికి మళ్లీ పోయిర్రు. ముండ్రాయిలో కూడా ఇదే తీరు. వడిసెలలు పట్టుకున్న ఆడోళ్లు, గుత్పలు పట్టుకున్న మొగోళ్లు. ఆ తండా నుంచి లేచినోడే జాటోత్ ఠాను నాయక్. అన్నదమ్ములంతా పోరాటంలకు దిగిన ఇల్లు అది. తరువాత దళాలలో పనిచేసి, 1950లో పోలీసులకు పట్టుబడి, చిత్రహింసలు పడి చనిపోయిండు.

1946 జులై 4, కడవెండి. గడీ మనుషులు ఆగడాలు చేస్తుంటే ఊరు ఊరంతా ఊరేగింపు తీసింది. గడీ దగ్గరకు రాంగనే తుపాకులు పేలినయి. ముందు వరుసలో ఉన్న దొడ్డి కొమురయ్య అక్కడనే పడిపోయిండు. అన్న మల్లయ్యకు దెబ్బలు తగిలినయి. కురుమ ఇంటి పిలగాడు. ఆ తరువాత జనగామ, సూర్యాపేట, నల్లగొండ తాలూకాల ఊర్లకు ఊర్లు కదిలినయి. వెట్టి దానంతట అదే ఆగిపోయింది, చట్టం వచ్చి ఆపింది కాదు. 1946 ఆఖర్ల సర్కారు సంఘాన్ని నిషేధించింది. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ ముగ్గురి పేరుతో ఆయుధాలు పట్టమని పిలుపు వచ్చింది. ఒకప్పుడు గ్రంథాలయం పెట్టమని తీర్మానం చేసిన సంఘం పదిహేడేండ్లల్ల తుపాకి దాకా వచ్చింది.

పార్టీ చెప్పిన లెక్కలో మూడు వేల ఊర్లల్ల గ్రామరాజ్యాలు, పది లక్షల ఎకరాల పంపకం, నాలుగు వేల మంది మరణం. ఈ లెక్కలు మీరు అన్ని పుస్తకాలల్ల చూస్తరు. మేం ఒక్క సంగతి దగ్గర ఆగినం. దొర భూమి పంచేటప్పుడు ఎంతకు మించితే తీసుకోవాలె అని మొదట్ల పెట్టిన హద్దు 500 ఎకరాలు. తరువాత 200 అన్నరు. ఆ తరువాత వంద ఎకరాల ఖుష్కి, పది ఎకరాల తరి అన్నరు. మా ఎరుకల మిత్రుడు ఇది చదివి చాలాసేపు నవ్విండు. "ఐదువందల ఎకరాలున్నోడు కూడా మన సంఘం మనిషే అన్నట్టా?" అన్నడు. వాళ్ల ఇంటికి బుట్టలల్లే ఈత బరిగెలు కొట్టుకునే జాగ కూడా సొంతంగ లేదు. నవ్వు వచ్చినా సంగతి నిజం. చీలిన సంఘంలో కూడా పైన ఉన్నది రెడ్లు, బ్రాహ్మలు, భూమి ఉన్న ఇండ్ల పిల్లలు. వాళ్ల త్యాగం అబద్ధం కాదు, సొంత చుట్టాలతోని కొట్లాడిర్రు, జైళ్లల్ల మగ్గిర్రు. కానీ హద్దు ఎంత అని కూర్చుని మాట్లాడుకున్న ఇంట్ల అణా సభ్యులు ఎంతమంది కూర్చున్నరు?

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం వచ్చింది. 17న నిజాం లొంగిపోయిండు. రజాకార్ల పీడ పోయింది, ఆ సంతోషం అందరిదీ. కొద్ది రోజులకే దొరలు గాంధీ టోపీలు పెట్టుకుని సైన్యం వెనుక ఊర్లకు తిరిగొచ్చిర్రు. పంచిన భూములు గుంజుకునుడు మొదలైంది. ఇక్కడ సంఘం రెండోసారి చీలింది. ఈ చీలిక గురించి స్టేజీల మీద తక్కువ మాట్లాడుతరు.

నిజాం పోయిండు, ఇప్పుడు వచ్చింది నెహ్రూ సర్కారు, జనంలో ఆశ ఉంది, తుపాకి దించాలె అని రావి నారాయణరెడ్డి వైపు వాదన. దించితే పంచిన భూమి పోతది, నమ్ముకున్న జనాన్ని దొరలకు అప్పజెప్పినట్టే అని సుందరయ్య, దేవులపల్లి వెంకటేశ్వరరావు, భీమిరెడ్డి నరసింహారెడ్డి వైపు వాదన. ఇద్దరి మాటల్ల నిజం ఉంది. ధర్మాపురం తండాలో నిలబడి చూస్తే రెండోది నిజం. అడవిల నిలబడి చూస్తే?

మా రూముల అసలు లొల్లి ఈ ప్రశ్న మీదనే అయింది. మైదానంల సైన్యం ఒత్తిడి తట్టుకోలేక దళాలు అడవులల్లకు జరిగినయి. పాకాల, ములుగు, గుండాల, ఇల్లందు, గోదారి ఒడ్డు. అంటే కోయగూడేలు. కోయోళ్లు అన్నం పెట్టిర్రు, దారి చూపిర్రు, దళాలల్ల చేరిర్రు. సర్కారు ఏం చేసింది? గూడేలను ఖాళీ చేయించి, జనాన్ని తెచ్చి క్యాంపులల్ల పెట్టి, చుట్టూ కాపలా పెట్టింది. అదే కాలంల మలయాలో ఇంగ్లీషోళ్లు బ్రిగ్స్ అనే జనరల్ పథకం కింద చేసిన పనే ఇది, ఇక్కడ కూడా ఆ పేరుతోనే పిలిచిర్రు. అడవికి పోతే తప్ప కడుపు నిండని మనుషులను అడవికి దూరంగా కుదేసిర్రు. రోగాలు వచ్చినయి, ముసలోళ్లు, పిల్లలు పోయిర్రు.

కోయ మిత్రుడు, గ్రూపు నుంచి ఎల్లిపోయినోడు, అప్పుడు అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నం. "మీ తండాలకు సంఘం వచ్చినప్పుడు భూమి తెచ్చింది. మా గూడేనికి సంఘం వచ్చినప్పుడు మిలిట్రీని తెచ్చింది. సంఘం వచ్చిందా, పోయిందా, చీలిందా, ఏదీ మమ్ముల అడిగి చేయలే." కొంచెం ఆగి ఇంకొకటి కూడా అన్నడు. తరువాత కాలంల మైదానం నుంచి ఏజెన్సీకి వచ్చి భూములు తీసుకున్నోళ్లల్ల మీవాళ్లు కూడా ఉన్నరు కదా అని.

మేం ఇద్దరం లంబాడీలం మొదట కోపానికి వచ్చినం. తండాలు కూడా కాలినయి, ఠాను నాయక్ ఊరికే చచ్చిపోయిండా అని ఎదురు మాట్లాడినం. 1976ల మేం ఎస్టీ జాబితాల చేరినప్పటి నుంచి ఈ మాటలు వింటున్నమని కూడా అన్నం. తరువాత ఆలోచిస్తే ఆయన అన్నదాంట్ల తప్పు పట్టనీకి ఏం లేదు. లెక్క వేరే అంతే. ఒక పోరాటం, అందులనే ధర్మాపురానిది ఒక లెక్క, కొత్తగూడ, గంగారం అడవులది ఒక లెక్క. పుస్తకం రాసినోళ్లు రెండింటిని కలిపి 'గిరిజనులు కూడా పాల్గొన్నారు' అని ఒక్క వాక్యంల తేల్చిర్రు. 'కూడా' అన్న ఆ మాట దగ్గర మేం నలుగురం ఒక్కటైనం.

1951 అక్టోబరులో పోరాటం విరమించిర్రు. 1952 ఎన్నికలల్ల పార్టీ పేరుతో పోటీ చేసే వీలు లేక పీడీఎఫ్ పేరుతో నిలబడ్డరు. నల్లగొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చినయి. అంటే జనం ఆయన్ని తప్పు పట్టలేదు. భువనగిరిల తప్పుకున్న మితవాదులు కూడా బాగనే ఉన్నరు. బూర్గుల 1952ల హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రి. మాడపాటి హైదరాబాదు మేయరు. కొండా వెంకట రంగారెడ్డి తరువాత ఉప ముఖ్యమంత్రి, ఆయన పేరు మీద ఒక జిల్లానే ఉంది. అతివాదుల పార్టీ 1964ల మళ్లీ రెండైంది. రావి నారాయణరెడ్డి ఒక పక్క, సుందరయ్య ఒక పక్క. దేవులపల్లి ఆ తరువాత ఇంకొక పక్కకు పోయిండు. ఆ కొమ్మలు, రెమ్మలు మళ్లీ మన భూపాలపల్లి, మానుకోట అడవులకే వచ్చినయి. ఆ కథ మన తల్లిదండ్రులకు తెలుసు, ఇక్కడ రాయం.

పోరాటం ఏం మిగల్చలేదా? మిగిల్చింది. వెట్టి మళ్లీ రాలేదు. 1949ల జాగీర్లు రద్దయినయి. 1950ల కౌలుదారీ చట్టం వచ్చింది, అది దానంతట అది వచ్చింది కాదు. ఏజెన్సీ భూముల చట్టం 1963ల తెలంగాణకు వచ్చింది, 1970ల గట్టిపడ్డది. మనం 1/70 అని పిలిచేది అదే. కాగితం మీద ఇవన్నీ ఉన్నయి. తమ్ముడు అన్న 'ఒరిగిందేం లేదు' అన్న మాటకు మా జవాబు ఇది. చీలిక మీద జవాబు మాత్రం వేరే. 1944 చీలిక లేకుంటే మనోళ్లకు అణా చీటీ దొరికేది కాదు. అందుకని చీలుడు అన్నిసార్లు చెడ్డది అని మేం ఒప్పుకోం. కానీ 1944ల చీలింది కొత్తోళ్లను లోపలికి తెచ్చుకోనీకి. మన గ్రూపుల ఇప్పుడు అడుగుతున్నది ఉన్నోళ్లను బయటికి పంపనీకి. రెండింటిని ఒక్క తీరుగ చూడొద్దని మా మనవి.

మొన్న జులై 4కు కడవెండి పోయినం. ఒకటే స్తూపం. ఒక జెండా వాళ్లు వచ్చి దండలు వేసి పోయినంక ఇంకొక జెండా వాళ్లు వచ్చిర్రు. మైకు ఒక్కటే, జెండాలే మారినయి. ఎవరి మీటింగుల నిలబడాలో తెలవక మేం చెట్టు కింద నిలబడ్డం. పక్కన ఒక పెద్దమనిషి, ఎనభై దాటి ఉంటయి, మమ్ముల చూసి ఏ ఊరు బిడ్డా అని అడిగిండు. చెప్పినం. కోయ మిత్రుడు కూడా తన ఊరు చెప్పిండు. "అబ్బో, అంత దూరం నుంచి" అన్నడు. తన తండ్రి చీటీ కోసం అణా ఇచ్చినట్టు చెప్పిండు. ఆ చీటీ ఏమైందని అడిగితే, మిలిట్రీ వచ్చినప్పుడు వాళ్ల అమ్మ పొయ్యిల పెట్టింది అన్నడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సుల ఒక పని అనుకున్నం. మీ తండాల, గూడెంల, ఎరుకలవాడల ఆ రోజులు చిన్నప్పుడు చూసినోళ్లు ఇంకా కొద్దిమందే ఉండి ఉంటరు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఫోనుల వాళ్ల మాట రికార్డు చేయండి. తెలుగుల అడగొద్దు, వాళ్ల మాటల్లనే అడగండి. గోర్ బోలి ఆడియోలు మేం ఇద్దరం రాసిపెడుతం. కోయవి మా మిత్రుడు రాస్తనన్నడు, కానీ గ్రూపుల లేడు కాబట్టి అతని నంబరుకు మేమే పంపుతం. ఈ పోస్టుల పేర్లు, సంవత్సరాలు ఏమన్నా తప్పుంటే అడ్మిన్ అన్న సరిచేయగలడు.